పూసల చప్పుడు

చేప ముక్కల్ని మొక్కజొన్న పిండిలో దొర్లిస్తూ రెనీటా ఆ పేరాని మళ్ళీ చదివింది. లాప్‌టాప్ పొయ్యి పక్కనే గట్టు మీద ఉంది. నూనె చిందకుండా దాని మీద పల్చటి తువ్వాలు కప్పింది. చదవాలంటే ఆ తువ్వాలు అంచు మోచేత్తో ఎత్తాలి. పేరాలో తప్పేం లేదు. జరిగింది జరిగినట్టు రాసింది. గొడవంతా అక్కడే వచ్చింది.

"ఆ పెట్టె మూసేయ్ అమ్మాయ్, నూనె పొగొస్తోంది," అంది అత్తగారు ఎర్లీన్. ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని, వాచిన కాళ్ళు ఎదుటి కుర్చీ మీదకి చాపుకుంది. "శుక్రవారం పూట నాలుగు చేప ముక్కలు వేయించడానికి కూడా మీ యూనివర్సిటీ వాళ్ళు సెలవివ్వాలా?"

"అయిపోయింది మిస్ ఎర్లీన్. ఒక్క నిమిషం."

"నీ ఒక్క నిమిషాలు నాకు తెలియనివా."

ఎర్లీన్ ఆస్పత్రి లాండ్రీలో వేడి వేడి దుప్పట్లు మడతపెట్టి ముసలిదైన మనిషి. కోడలు చేసే పని ఆవిడకి ఎప్పుడూ అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలన్న సరదా కూడా లేదు. "క్లాసులో వెనకాల కూర్చుని చూస్తే జీతమిస్తారటగా? మమ్మల్నెవరూ అలా కూర్చోబెట్టలేదమ్మా," అని చర్చిలో నలుగురిలో అనేది. అందరూ నవ్వేవాళ్ళు, రెనీటా కూడా నవ్వేది. నవ్వకపోతే చదువుకున్నానని పొగరనుకుంటారు.

కానీ నిజంగా ఆమె పని అదే, వెనకాల కూర్చోవడం. టీచర్ కోర్సు చివరి ఏడాది పిల్లల్ని ఒక టర్ము పాటు స్కూళ్ళకి పంపుతారు, అసలు టీచరు కనుసన్నల్లో పాఠం చెప్పి పని నేర్చుకోవడానికి. రెనీటా కారేసుకుని ఒక్కో స్కూలుకీ వెళ్ళాలి. తరగతి వెనక ఆరేళ్ళ పిల్లల కుర్చీలో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి. చూసింది చూసినట్టు టైపు చేయాలి. పాఠం నడుస్తున్నంతసేపూ నోరు విప్పకూడదన్నది మొదటి నియమం. రెండోది రాసిన నియమం కాదు, ఆచారం. ఒక తప్పు చెప్పాలంటే ముందు రెండు మెచ్చుకోళ్ళు చెప్పాలి. ఇంకేమీ దొరక్కపోతే నీ గొంతు స్పష్టంగా ఉందనైనా, నీ గోడ మీది బొమ్మలు బాగున్నాయనైనా రాయాలి. తప్పుని కూడా తప్పు అనకూడదు, ఎదగడానికి అవకాశం అనాలి. తోటి పర్యవేక్షకులు తెల్లవాళ్ళు, వాళ్ళు ఒక మెచ్చుకోలుతో సరిపెడితే నిక్కచ్చి మనుషులంటారు. రెనీటా మూడు మెచ్చుకోళ్ళు రాసినా కటువుగా ఉందంటారు. అందుకని ఆమె రాసిన ప్రతి వాక్యాన్నీ మళ్ళీ చదివి, నానబెట్టి, మెత్తబరిచి పంపుతుంది. ఆ మెత్తబరచడానికి పట్టే సమయం ఏ జీతంలోనూ లేదు. అది ఎప్పుడూ ఇంటికే వస్తుంది, పొయ్యి పక్కకే వస్తుంది.

జీతంలో లేనివి ఇంకా ఉన్నాయి. ఆ కోర్సులో ఏటా ఒకరో ఇద్దరో నల్లపిల్లలుంటారు. వాళ్ళు ఎవరి దగ్గర చదువుతున్నా ఏడవడానికి మాత్రం రెనీటా గదికే వస్తారు. పోనీలే, వాళ్ళు ఇంకెక్కడికి పోతారు? కోర్సు గురించి వేసే రంగుల పుస్తకంలో ఫోటో కావాలంటే రెనీటా. అన్ని జాతుల వాళ్ళకీ చోటుండాలనే కమిటీ పెడితే రెనీటా. ఊరికి అందరికంటే దూరంగా, మంచు తీయని రోడ్ల మీదున్న స్కూళ్ళూ రెనీటాకే. ఆమె పదిహేడేళ్ళు ఒకటో తరగతికి పాఠం చెప్పి, సాయంత్రం క్లాసులకి వెళ్ళి డాక్టరేటు తెచ్చుకుంది. అయినా స్టూడెంట్లకి ఆమె 'మిస్ రెనీటా'. పక్క గదిలో డాక్టరేటు లేని గ్రెగ్‌ని మాత్రం అడగకుండానే 'ప్రొఫెసర్' అంటారు. మొదట్లో సరిదిద్దేది. సరిదిద్దినప్పుడల్లా ఎదుటివాళ్ళ మొహం ముడుచుకునేది. మానేసింది.

ఆ పేరా మంగళవారం జరిగిన దాని గురించి.

ఫెయిర్‌లాన్ స్కూల్లో ఒకటో తరగతి. పాఠం చెబుతున్నది హాడ్లీ అనే అమ్మాయి. చూడ్డానికి మంచిపిల్ల. నవ్వుతూ ఉంటుంది, పిల్లలకి ఇంట్లో చేసిన బిస్కెట్లు తెస్తుంది. అసలు టీచరు మిసెస్ వోగెల్ తన బల్ల దగ్గర ఏవో పేపర్లు దిద్దుకుంటోంది. పిల్లలందరూ తివాచీ మీద కూర్చుని కథ వింటున్నారు. జమియా అనే పాప తల నిండా సన్నటి జడలు, ప్రతి జడ చివరా పసుపూ తెలుపూ పూసలు. పాప తల తిప్పినప్పుడల్లా టకటకమని చిన్న చప్పుడు. రెనీటాకి ఆ చప్పుడు వింటుంటే ప్రాణం హాయిగా అనిపించింది. అమ్మ మోకాళ్ళ మధ్య కూర్చుని, మెడ నొప్పి పెట్టినా ఓర్చుకుని పూసలు ఎక్కించుకున్న రోజులు ఆమెకీ ఉన్నాయి.

"జమియా, ఆ చప్పుడు కాస్త ఆపుతావా?" అంది హాడ్లీ, తియ్యగానే.

పాప రెండు చేతులతో జడలన్నీ గుప్పిట పట్టుకుంది. చేతులు రెండూ తల మీదే ఉండేసరికి, ప్రశ్న అడిగినప్పుడు పాపకి చెయ్యెత్తడం కుదరలేదు. జవాబు నోటితోనే చెప్పేసింది. చెయ్యెత్తకుండా మాట్లాడినందుకు హాడ్లీ ఒకసారి హెచ్చరించింది. కాసేపటికి పాప మర్చిపోయి చేతులు దించింది. మళ్ళీ టకటక. హాడ్లీ లేచి వచ్చి పాప స్వెటర్ టోపీ తల మీదకి లాగింది. లోపల కూడా చప్పుడైంది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"అవి తీసేస్తే నీకే బాగుంటుంది కదా జమియా? అప్పుడు నీ ఫ్రెండ్స్ అందరూ కథ వినగలుగుతారు. వెళ్ళి వెనక బల్ల దగ్గర కూర్చుని తీసేసుకో."

వెనక బల్ల అంటే రెనీటా కూర్చున్న చోటుకి చెయ్యి చాస్తే అందేంత దూరం. పాప వచ్చి కూర్చుంది. కూర్చుని రెనీటా వైపు చూసింది. ఆ గదిలో తన రంగున్న పెద్దమనిషి ఆవిడొక్కతే. ఆ చూపులో ఏడుపు లేదు, బతిమాలడం లేదు. ఈవిడ ఇప్పుడు ఏదో ఒకటి అంటుంది అన్న నమ్మకం ఉంది. అంతే.

రెనీటా టైపు చేస్తూనే ఉంది. ఆరేళ్ళ పిల్ల మొహం మీంచి ఆ నమ్మకం జారిపోవడం కూడా చూసింది. ఆ తర్వాత పాప పూసలు లాగడం మొదలుపెట్టింది. చేతకాక గట్టిగా లాగింది. ఒక జడ చివర రబ్బరు తెగి పూసలు నేలంతా దొర్లాయి. పిల్లలు కేకలేస్తూ వాటి వెంట పడ్డారు. హాడ్లీ కథ పుస్తకం మూసి, జమియాని ఆఫీసుకి పంపించేసింది.

పాఠమయ్యాక ముగ్గురూ కూర్చున్నారు. రెనీటా ముందు రెండు మెచ్చుకోళ్ళు చెప్పింది. తర్వాత పూసల మాట ఎత్తింది. హాడ్లీ కళ్ళు నిండిపోయాయి.

"నాకు జాతి వివక్ష ఉందంటున్నారా?"

"నేనా మాట అనలేదు హాడ్లీ. పూసల గురించి మాట్లాడుతున్నాను."

"నాకు ఊపిరాడట్లేదు," అని హాడ్లీ మొహం చేతుల్లో దాచుకుంది. మిసెస్ వోగెల్ లేచి టిష్యూల డబ్బా తెచ్చింది. తెచ్చి హాడ్లీకి ఇవ్వలేదు, రెనీటా చేతిలో పెట్టింది. రెనీటా ఒక్కొక్క టిష్యూ తీసి అందించింది. ఆ పిల్ల వీపు నిమిరింది. "నువ్వు మంచి టీచరువవుతావు, ఇది నేర్చుకునే వయసు," అంది. ఆ మాటలు తన నోటి నుంచి వస్తుంటే, ఆ గది బయట ఎక్కడో ఆఫీసు కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న పాప సంగతి ఆ గదిలో ఒక్కరు కూడా అడగలేదు. రెనీటా కూడా అడగలేదు.

రిపోర్టులో మాత్రం ఉన్నదున్నట్టు రాసింది. గురువారం పొద్దున్నే కోర్సు డైరెక్టరు మార్నీ పిలిపించింది. మార్నీ ఎప్పుడూ బల్ల వెనక కూర్చోదు, పక్కన సోఫాలో కూర్చుని మాట్లాడుతుంది. ఏమైనా చేదు కబురుంటే ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది.

"నువ్వు అబద్ధం రాశావని నేననడం లేదు రెనీటా. జరిగే ఉంటుంది. కానీ దీని కాపీ ఒకటి ఫెయిర్‌లాన్‌కి కూడా వెళ్తుంది కదా. వాళ్ళు ఎన్నేళ్ళ నుంచో మన పిల్లల్ని తీసుకుంటున్నారు. పాపం హాడ్లీ రెండ్రోజుల నుంచి తిండి తినలేదట, వాళ్ళమ్మ ఫోన్ చేసింది."

"జమియా వాళ్ళమ్మ చేయలేదా?"

మార్నీ ఓపిగ్గా నవ్వింది. "చూడు, ఇదే. ఈ టోనే. పోయిన టర్ములో ముగ్గురు స్టూడెంట్లు నీ దగ్గరికి రావాలంటే భయమేస్తుందని రాశారు. నీ గురించి నాకు తెలుసు, నేను నీ ఫ్రెండుని. కానీ ఏప్రిల్లో మన కాంట్రాక్టులు పొడిగించే కమిటీకి నువ్వెవరో తెలియదు. వాళ్ళు కాగితాలే చూస్తారు. ఆ ఒక్క పేరా తీసేస్తే మిగతా రిపోర్టు ఎంత అందంగా ఉందో తెలుసా?"

బయటికొచ్చి ఆడవాళ్ళ బాత్రూములో తలుపేసుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే కళ్ళు ఎర్రబడతాయి, ఆ తర్వాత కమిటీ మీటింగుంది. అక్కడ ఆమె అన్ని జాతుల వాళ్ళ తరఫునా మాట్లాడాలి.

ఆ రాత్రి ఇంట్లో క్లిఫ్టన్‌కి చెప్పింది. క్లిఫ్టన్ ఆమె భర్త. గుండె ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి లారీ తోలడం మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. ఆపరేషనూ, మందులూ, నెలనెలా డాక్టరూ అన్నీ రెనీటా ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్సు మీదే నడుస్తున్నాయి.

"నీటా, నా గుండెకి వాళ్ళు వేసిన అతుకులు ఎవరివనుకున్నావు? మీ యూనివర్సిటీవే," అన్నాడు టీవీ చూస్తూ. "వాళ్ళకి కోపమొస్తే వెనక్కిమ్మంటారు."

"నవ్వులాటా?"

"నవ్వులాట కాదు. ఒక్క పేరా. నువ్వు ఇంట్లో కూడా అంతే, పళ్ళెం సింకులో పెట్టలేదని పెద్ద ఉపన్యాసం ఇస్తావు. అన్నీ పట్టించుకుంటే బతగ్గలమా? ఆ పాప ఎవరి పాపో."

"ఎవరి పాపో అయితే?"

అతను టీవీ గొంతు తగ్గించాడు. ఆమె వైపు తిరిగి, మామూలుగా ఎప్పుడూ అనని మాట అన్నాడు. "నాకు భయంగా ఉంది నీటా."

అక్కడ ఓడిపోయింది రెనీటా. అతను అరిస్తే తనూ అరిచేది. వెటకారమాడితే ఒళ్ళు మండి ఆ మంటతోనైనా నిలబడేది. భయమని చెప్పిన మనిషిని ఏం చేస్తుంది? ఎదురుగా సోఫాలో సగమైపోయిన మనిషి, చొక్కా గుండీల మధ్య ఆపరేషన్ గీత. అతనికి నెమ్మదిగా ఉండాలి, అత్తగారికి నెమ్మదిగా ఉండాలి, హాడ్లీకి నెమ్మదిగా ఉండాలి, మార్నీకీ ఆమె కమిటీకీ నెమ్మదిగా ఉండాలి. వీళ్ళందరి నెమ్మదీ తన ఒక్కదాని గొంతు నొక్కుకోవడం మీద ఆధారపడి ఉందేమిటి? తను ఊపిరి పీల్చుకుంటే ఎవరో ఒకరికి ఊపిరాడదు. ఇదెక్కడి లెక్క? ఎవరిని అడగాలి? అమ్మ ఉంటే అడిగేది. అమ్మ కూడా 'ఇల్లు నిలబెట్టుకో తల్లీ' అనే అనేదేమో.

శుక్రవారం చేపలు వేగుతుండగా చేతులు కడుక్కుంది, తువ్వాలు తీసింది, ఆ పేరా చెరిపేసింది. దాని చోట ఏమీ రాయలేదు. హాడ్లీని టీచరుగా సిఫారసు చేస్తున్నాను అన్న చివరి వాక్యం అలాగే ఉంచి, పంపించేసింది.

"ఈసారి ఉప్పు సరిగ్గా పడింది," అంది ఎర్లీన్, భోజనాల దగ్గర.

రెనీటా శని, ఆదివారాలు మామూలు మనిషిలా తిరిగింది. బట్టలుతికింది, క్లిఫ్టన్ మందులు వారానికి సరిపడా సర్దింది, చర్చిలో చావింటి వాళ్ళ భోజనాలకి రెండు ట్రేల మాకరోనీ చేసి తీసుకెళ్ళింది. లోపల మాత్రం తన మీద తనకి అసహ్యం వేస్తోంది. హాడ్లీకి ఇరవై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళ పాటు పాఠం చెబుతుంది. ఆమె తివాచీ మీద ఇంకా ఎంతమంది జమియాలు కూర్చుంటారు? వాళ్ళందరినీ తనే ఆ వెనక బల్లకి పంపినట్టయింది. చర్చి వెనక కారులో కూర్చుని స్టీరింగ్‌కి తల ఆనించి, దేవుడా నన్ను ఈ ఉద్యోగంలోంచి తీసేయి, నేనుగా మానలేను, అని వేడుకుంది. అలా వేడుకున్నందుకు మళ్ళీ క్లిఫ్టన్ గుర్తొచ్చి భయపడింది.

సోమవారం ఫెయిర్‌లాన్‌లో ఆఖరి మీటింగు. హాడ్లీ, మిసెస్ వోగెల్, తనూ కూర్చుని సంతకాలు పెడితే హాడ్లీ పాసైనట్టే. ఆఫీసులో కొత్తగా చేరిన క్లర్కు ఉంది. రెనీటాని చూడగానే లేచి, నోరు తెరవనివ్వకుండా విజిటర్ స్టిక్కర్ చేతిలో పెట్టింది.

"జమియా కోసమే కదండీ? అమ్మమ్మగారా? రండి రండి, ప్రిన్సిపాల్ గారు ఇప్పుడే మొదలుపెట్టారు. వాళ్ళమ్మ లోపలే ఉంది."

రెనీటా మెడలో యూనివర్సిటీ కార్డు వేలాడుతూనే ఉంది. ఇలాంటివి ఆమెకి కొత్త కాదు. ఏ స్కూలుకి వెళ్ళినా ఎవరో ఒకరు ఆమెని వంటింటి వైపో, చీపుర్ల గది వైపో చెయ్యి చూపించి పంపుతూనే ఉంటారు. అప్పుడు కార్డు కాస్త పైకెత్తి చూపించి, ఎదుటి మనిషి సిగ్గుపడకుండా ఉండేలా ఒక చిన్న నవ్వు నవ్వాలి. ఆ నవ్వు కోసం చూసింది. రాలేదు. తలుపు సందులోంచి జమియా వీపు కనిపించింది. జడలన్నీ విప్పేసి ఉన్నాయి, పూసల్లేవు. జుట్టంతా వెనక్కి లాగి చిన్న ముడి వేసి ఉంది. పాప తల అస్సలు కదపకుండా కూర్చుంది.

కాదు అనకుండానే రెనీటా లోపలికి నడిచింది.

పాప తల్లి షనైస్ ముసలివాళ్ళ ఆశ్రమంలో పనిచేసే యూనిఫాంలో ఉంది, రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. ఈవిడెవరో తెలియకపోయినా పక్క కుర్చీలోంచి బ్యాగు తీసి చోటిచ్చింది. ప్రిన్సిపాల్ డెకర్ తలాడించి పలకరించాడు. ఆగస్టులో ఇదే మనిషి ఆమెతో చేయి కలిపి, మా స్కూలు మీదే అనుకోండి అన్నాడు. ఇప్పుడు గుర్తుపట్టలేదు.

"నేనంటున్నదేంటంటే అమ్మా," అన్నాడు షనైస్‌తో, "పూసలు తెంపి తోటి పిల్లల మీద విసరడం చిన్న విషయం కాదు. కొన్నాళ్ళు జమియాని వేరే గదిలో ఉంచుదాం. ప్రవర్తన సరిచేసే టీచరు ఉంటారక్కడ."

"అది విసరలేదు సార్. టీచరే తీసేయమందంట. ఆ ముందు ఆదివారం అంతా కూర్చుని ఎక్కించాను నేను. అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు, అంత మురిసిపోయింది. అలాంటి పిల్ల దానంతటది తెంపుకుంటుందా?"

"పిల్లలు ఇంటికొచ్చి చాలా చెబుతారు. నేను వాకబు చేశాను. టీచర్లిద్దరినీ అడిగాను. పైగా ఆ రోజు యూనివర్సిటీ నుంచి వచ్చిన పర్యవేక్షకురాలు పాఠం మొత్తం కూర్చుని చూశారు." ముందున్న కాగితం మీద వేలు పెట్టాడు. "ఆవిడ రిపోర్టులో మీరు చెప్పేది ఒక్క ముక్క లేదు. టీచరు అలా అని ఉంటే ఆవిడ రాసి ఉండేవారు కదా?"

షనైస్ కూతురి వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పు జమియా. నువ్వే విసిరావా?"

కన్నతల్లికే అనుమానం వచ్చింది, అదీ తను రాయని మాటల వల్ల. క్లిఫ్టన్ మందులు కళ్ళ ముందుకొచ్చాయి. ఏప్రిల్ వచ్చింది, మార్నీ సోఫా వచ్చింది. భయం ఎక్కడికీ పోలేదు.

"పాపని కాసేపు బయట కూర్చోబెడదాం, పెద్దవాళ్ళం మాట్లాడుకుందాం," అన్నాడు డెకర్. "అమ్మమ్మగారూ, మీరైనా కాస్త నచ్చజెప్పండి."

"నేను అమ్మమ్మని కాదు," అంది రెనీటా. "ఆ రిపోర్టు నాది. టీచరు తీసేయమంది, నేను విన్నాను. రాశాను, తర్వాత చెరిపేశాను. పాపని బయటికి పంపకండి సార్. తను చూసిందంతా నేనూ చూశానని తన ముందే చెప్పాలి."